ముప్పై ఎనిమిది డిగ్రీలు

"పాత డీజిల్ ట్రక్కుల తరగతిలో ఇంజెక్షన్ పంపు టైమింగ్ ఎంత పెట్టుకోవాలన్నది సొంతదారుడి ఇష్టం. ఈ తరగతి నడిచినన్నాళ్లూ కమిటీ అందులో వేలు పెట్టదు."

ఇది నేను కల్పించిన మాట కాదు. మా హోలెక్ కౌంటీ జాతర కమిటీ పదకొండేళ్ల కిందట ప్లైవుడ్ చెక్క మీద ఎర్ర రంగుతో రాయించి, ట్రక్కుల బండలాగుడు పోటీలు జరిగే మైదానం గేటుకి మేకులు కొట్టి బిగించిన మాట. కింద అధ్యక్షుడు రాండల్ ఓబర్‌మయర్ సంతకం. జూలై ఇరవై ఎనిమిది, సోమవారం పొద్దున ఆ చెక్క పీకేశారు. తొందరలో మేకులు గేటుకే వదిలేశారు. ఆ మేకుల మధ్య ఒక కాగితం అంటించారు: "విపరీతంగా పెంచిన టైమింగ్ వల్ల ప్రేక్షకుల ప్రాణాలకు ముప్పు ఏర్పడినందున పాత డీజిల్ తరగతిని శాశ్వతంగా రద్దు చేయడమైనది." పోటీల్లో ఆ తరగతికి ఉండే గంట సమయం కొత్త ట్రక్కులకి ఇచ్చేశారు. బానెట్ ఎత్తితే ప్లాస్టిక్ మూత తప్ప ఏమీ కనపడని బళ్లవి. వాటికి పానా పెట్టాలంటే ముందు కంపెనీ కంప్యూటరుని బతిమాలుకోవాలి.

తొమ్మిది ట్రక్కులు రోడ్డున పడ్డాయి. కోతలయ్యాక, నెబ్రాస్కా చలిలో వేళ్లు కొంకర్లు పోతున్నా షెడ్డుల్లో కూర్చుని తొమ్మిది మంది సొంత చేతులతో చేసుకున్న ఇంజిన్లవి. దున్నేవాడిది భూమి అయితే తిప్పేవాడిది పానా. మాటిచ్చినవాడు మాట తప్పితే అడిగే హక్కు మాట పుచ్చుకున్నవాడికి ఉంటుంది. కమిటీకి ఆ మాట రాతలో చెబుదామనే ఆగస్టు ఎనిమిది, శుక్రవారం పొద్దున నేను కాగితాలు పట్టుకుని మా ధాన్యం గోదాము ఆఫీసులో కూర్చున్నాను. నా ఉద్యోగం అక్కడే. వచ్చిన లారీని కాటా ఎక్కించి, తూచి, చీటీ ఇస్తాను. కిటికీ పక్కన పొడుగు బల్ల ఉంటుంది. దాని మీద ఎప్పుడూ కాఫీ, శుక్రవారాల్లో గసగసాలు నింపిన కోలాచీ బన్నులు, చుట్టూ పని లేనట్టు కనిపించే రైతులు.

తెలియనివాళ్లకి ఒక్క ముక్క. సిలిండర్లో పిస్టన్ పైకంటా చేరడానికి కాస్త ముందే డీజిల్ చిమ్మాలి. ఎంత ముందు అన్నదే టైమింగ్. దాన్ని డిగ్రీల్లో చెప్పుకుంటాం. ఈ పాత ఇంజిన్లకి ఫ్యాక్టరీ ఇచ్చేది పన్నెండున్నర. ఒళ్లు తెలిసినవాడు పదహారు, పద్దెనిమిది పెట్టుకుంటాడు. బండలాగుడు పిచ్చి ఉన్నవాడు పాతిక దాటిస్తాడు. ఆ పైన పెడితే ఇంజిన్ తల ఎగిరిపోతుంది.

రద్దుకి కారణంగా కమిటీ చూపించిన ట్రక్కు వెర్లిన్ డూషెక్‌ది. కాబట్టి మొదటి సాక్ష్యం ఆయనదే. యాభై ఎనిమిదేళ్ల మనిషి, గొంతు మాత్రం మైదానంలో మైకంత. ఆయనకి ఎదురుగా ఆర్లో వోండ్రా కూర్చున్నాడు. ఆర్లోకి డెబ్భై ఏడు. తుంటి ఎముక మార్పించుకుని కూడా మూడు చలికాలాలు కుస్తీ పట్టి ఒక నీలం ట్రక్కు సిద్ధం చేశాడు. వచ్చే సెప్టెంబరు పోటీలో మొదటిసారి దాన్ని బండకి కడదామనుకున్నాడు. ఇప్పుడు ఆ పోటీయే లేదు.

"రాసుకోవోయ్ ఎమిల్," అన్నాడు వెర్లిన్, కోలాచీ తుంచుతూ. "మొట్టమొదట ఇది రాయి. నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు."

ఆర్లో దగ్గాడు. కాఫీ ఇంకా నోట్లో పోసుకోనే లేదు.

"దగ్గు బాబాయ్, దగ్గు. అన్యాయం జరిగినప్పుడు దగ్గేవాళ్లే ఎక్కువ, మాట్లాడేవాళ్లు తక్కువ. చూడు ఎమిల్, అసలు నేను చేసింది ఎంత చిన్న పనో తెలుసా? ఫ్యాక్టరీ వాడు పన్నెండున్నర పెట్టాడు. ఎందుకు పెట్టాడు? భయం కొద్దీ పెట్టాడు. ఇంజిన్‌కి లేని భయం, నాకు లేని భయం, ఎక్కడో డెస్కు ముందు కూర్చున్నవాడి భయం నేనెందుకు మొయ్యాలి చెప్పు? మే నెలలో ఒక ఆదివారం, ప్రార్థన నుంచి వచ్చి, మంచి చొక్కా కూడా విప్పకుండా ముందు కవరు తీశాను, పంపుకి పిన్ను దించి కదలకుండా కట్టాను, పుల్లర్ వేసి గేరు ఊడబెరికాను, ఇంజిన్ని వెంట్రుకవాసి తిప్పి గేరు మళ్లీ ఎక్కించాను. పదహారు. అంతే! దేశద్రోహమా అది? పదహారు డిగ్రీలు! సాయంత్రం మూడు వందల బుషెళ్ల మొక్కజొన్న ఎత్తుకుని మా వాగు గుట్ట ఎక్కాను, టాప్ గేరులో, ఒక్కసారి కూడా గేరు దించలేదు."

"అది గుట్ట కాదురా," అన్నాడు ఆర్లో. "రోడ్డుకి పడ్డ మడత."

"మడతే అనుకో. మడతలో కూడా న్యాయం ఉండాలి కదా! సరే, గుట్ట ఎక్కేశాను, ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంజిన్ నన్ను అడిగింది. నోటితో అడుగుతుందా, శబ్దంతో అడుగుతుంది, వినే చెవి ఉండాలి. 'ఇంకొంచెం పెట్టు వెర్లిన్' అంది. నోరులేని జీవి అడిగితే కాదంటామా? ఇరవై పెట్టాను. లింకన్ పట్నం వెళ్లొచ్చాను, రానూ పోనూ నూట అరవై మైళ్లు. టాంకు ముల్లు ఈ చివర నుంచి ఆ చివరకి ఇంత కూడా కదల్లేదు!"

"ఆ ముల్లు కదలక మూడేళ్లయింది."

"అదీ అసూయంటే! రాసుకో ఎమిల్, అసూయ. కమిటీ నిండా ఉన్నది ఇదే. వాళ్లకి కొత్త ట్రక్కులున్నాయి, తొంభై వేల డాలర్ల ట్రక్కులు, టైరులో గాలి తగ్గితే చిట్టి దీపం వెలిగి ఏడుస్తాయి. మనకున్నది తొంభై అయిదు మోడలు. దానికి ఏడవడం రాదు. ఏడిపించడమే వచ్చు."

ఇది నాకు నచ్చింది. రాసుకున్నాను.

"అప్పుడు ఇరవై ఆరు పెట్టాను. ఇరవై ఆరు దగ్గర శబ్దం మారుతుంది, బాబాయ్‌కి తెలుసు, గోలీలు రేకు డబ్బాలో పోసి ఊపినట్టు కొడుతుంది. అవునా కాదా?"

"అవును," అన్నాడు ఆర్లో, తప్పనట్టు. "అది నిజమే."

"రాసుకో, సాక్షి ఒప్పుకున్నాడు! ఆ గోలీల మోతకి ఏమైందనుకున్నావ్? మా పెరట్లో కోళ్లు రోజుకి రెండు గుడ్లు పెట్టడం మొదలెట్టాయి, ఒకటి తమకోసం, ఒకటి భయంతో. మూడు మైళ్ల అవతల చర్చి గంట దానంతటదే మోగింది. ఫాదరు ప్రార్థనకి వేళయిందనుకుని పైజామా మీద పరిగెత్తుకొచ్చాడు. ఊరు ఊరంతా వచ్చి మోకరిల్లింది. మంగళవారం, మధ్యాహ్నం మూడింటికి! ఇరవై ఏళ్లుగా చర్చి మొహం చూడని హెన్రీ నోవాట్నీ కూడా వచ్చాడు. అలాంటి ఇంజిన్ని ప్రమాదం అంటారా? దానికి దండ వెయ్యాలి!"

"హెన్రీ పోయి రెండేళ్లయిందిగా," అన్నాను నేను.

"అందుకే కదయ్యా అందరూ అంత ఆశ్చర్యపోయారు!"

బల్ల చివర కూర్చున్న ఇద్దరు విత్తనాలు అమ్మేవాళ్లు కాఫీ వలకబోసుకున్నారు. వెర్లిన్ మాత్రం నవ్వలేదు. ఆయన మొహం ఎర్రబడింది. నిజంగానే మండిపడుతున్నాడు. పధ్నాలుగేళ్లుగా ఏటా బండ లాగుతున్న మనిషి. ఆయన ఇంటి గోడ మీద మూడో బహుమతి రిబ్బన్లు నాలుగున్నాయి. మొదటిది ఒక్కటీ లేదు.

"పధ్నాలుగేళ్లు," అన్నాడు, నా మనసులో మాట విన్నట్టు. "పధ్నాలుగేళ్లు వాళ్ల మైదానానికి నేనే నీళ్లు కొట్టాను, నేనే రోలర్ తోలాను. ఒక్కడు వచ్చి అడిగాడా, వెర్లిన్, నీ బండిలో ఏముంది, ఒకసారి చూపించు అని? కొలిచాడా ఒక్కడైనా? కవరు విప్పాడా? కాగితం అంటించేశారు! ఎవడి ఇల్లు కూల్చినా ముందు తలుపు కొడతారు కదా!"

ఇది నిజం. నా పెన్ను కాగితాన్ని చింపినంత పని చేసింది. విచారణ లేని శిక్ష అధికారానికి పాత అలవాటు. దాన్ని మానిపించడమే ప్రజల పని.

"జూలైలో ముప్పై ఒకటి పెట్టాను," వెర్లిన్ గొంతు మళ్లీ లేచింది. "ముప్పై ఒకటి దగ్గర ఒక తమాషా. మంట ఎంత ముందుకి జరిగిందంటే, నేను తాళం తిప్పకముందే బండి లేచి కూర్చునేది. నేనింకా వంటింట్లో బూట్లు వేసుకుంటుంటే షెడ్డులో ఇంజిన్ ఆడుతుండేది. ఒకరోజు ఇవాళ వద్దులే, రేపు వెళదాం అనుకున్నాను, అనుకునేసరికే అది గోదాముకి వెళ్లొచ్చేసింది. ఎమిల్, నీ కాటా ఎక్కింది కూడా!"

"వెర్లిన్ గారూ, చీటీలు ఇచ్చేది నేను. ఖాళీ సీటుతో బండి ఎప్పుడూ రాలేదు."

"నువ్వప్పుడు అద్దం తుడుస్తున్నావు. అది వచ్చి, తూగి, వెళ్లిపోయాక నువ్వు తలెత్తావు. నీ తప్పేం లేదు, మనిషి కంటికి అందేది పాతిక డిగ్రీల వరకే."

"ఇక జాతర," అన్నాడు ఆర్లో. "అక్కడికి రా. అక్కడ మేమందరం ఉన్నాం. చూసుకుని మాట్లాడు."

"ఉన్నారు. చూశారా? చూడలేదు! ఎందుకు చూడలేదో వినండి." వెర్లిన్ కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. "జాతరకి ముందు రోజు మధ్యాహ్నం, ముప్పై ఎనిమిది. ఔను. ముప్పై ఎనిమిది! పేర్ల కాగితంలో 'టైమింగ్' అన్న గడి ఉంటుంది కదా, అందరూ అందులో 'మామూలు' అని దొంగ రాతలు రాస్తారు. నేను రాశాను, పెద్ద అంకెలతో, గడి దాటి మరీ. ఓబర్‌మయర్ కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. మైకులో చదివించాను. స్టాండులో నాలుగు వందల మంది ఒక్కసారి ఊపిరి బిగపట్టారు. బండకి గొలుసు తగిలించాను. మీకు తెలుసు కదా ఆ బండ సంగతి, లాగే కొద్దీ పైనున్న బరువు ముందుకి జరిగి ముక్కు నేలలో దిగేస్తుంది, ఎంతటి బండినైనా ఆపేస్తుంది. పచ్చ జెండా ఊపారు. కాలు నొక్కాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలుసు," అన్నాడు ఆర్లో. "పదకొండు అడుగులు."

"పదకొండు అడుగుల దగ్గర వాళ్ల టేపు తెగింది! బండి ఆగలేదు, టేపు ఆగింది! మూడు వందల అడుగుల గీత దాటాను, కంచె దాటాను, బీరు గుడారం మధ్య నుంచి వెళ్లాను, ఒక్క గ్లాసు వలకలేదు. బండ మీద కూర్చున్న ఆపరేటరు ఆపవయ్యా అని అరుస్తున్నాడు, నేనాపడం ఏమిటి, అది వింటేగా! వెనక మైదానం మట్టి మట్టంతా చాప చుట్టినట్టు చుట్టుకుని వస్తోంది. రంగులరాట్నం వెనక్కి తిరిగింది, ఎక్కిన పిల్లలకి డబ్బులు వాపసు ఇవ్వాల్సి వచ్చింది. ప్లాట్ నది దగ్గర బ్రేకు వేశాను, ఆ ఊపుకి నది కాసేపు పడమటికి పారింది, చేపలు కొలరాడో మొహం చూసి వచ్చాయి. గొలుసు దక్షిణంగా ఎక్కడో దేనికో తగులుకుంది, ఏమిటా అని వెనక్కి చూస్తే కాన్సస్! కాన్సస్ రాష్ట్రం రెండడుగులు ఉత్తరానికి జరిగింది. సర్వే వాళ్లని అడగండి. మనకి రెండడుగుల గోధుమ పొలం కలిసొచ్చింది, దానికి థాంక్స్ కూడా చెప్పలేదు ఈ కమిటీ! మర్యాదగా వెనక్కి తిప్పి, బండని మళ్లీ పదకొండు అడుగుల గుర్తు దగ్గరే పెట్టి, దిగాను. పొగ తగ్గేసరికి మీకు కనపడింది అదే. మధ్యలో జరిగింది ఎవడు చూశాడు?"

"పొగ మాత్రం చూశాం," అన్నాడు ఆర్లో నెమ్మదిగా. "తెల్ల పొగ. పావుగంట దాకా పక్కవాడు కనపడలేదు. ముప్పై ఎనిమిది డిగ్రీల బండి తెల్ల పొగ కక్కుతుందిరా?"

"అది పొగ కాదు బాబాయ్! నా టైర్ల కింద నేల మరిగి ఆవిరయింది!"

విత్తనాల వాళ్లు చప్పట్లు కొట్టారు. నేను నాలుగో పేజీ తిప్పాను. కాన్సస్ సంగతి పిటిషన్‌లో ఎలా పెట్టాలా అని ఆలోచిస్తున్నాను. సాక్ష్యంలో అతిశయం ఉండొచ్చు, దాని వెనకున్న ఆవేదన నిజమైనదే కదా అని నాకు నేను సర్దిచెప్పుకుంటున్నాను. అప్పుడే తలుపు తెరుచుకుని బెర్నడీన్ వచ్చింది.

బెర్నడీన్ వెర్లిన్‌కి అక్క. ఊరి చివర షెడ్డులో ముప్పై ఏళ్లుగా ట్రాక్టర్లు, డీజిల్ పంపులు బాగు చేస్తోంది. జాతర నాడు వెర్లిన్ ట్రక్కుని తన ట్రాక్టరుకి కట్టి లాక్కెళ్లింది ఆవిడే. అప్పటి నుంచీ ఆ ట్రక్కు ఆవిడ షెడ్డులోనే ఉంది. చేతిలో పాత వార్తాపత్రికలో చుట్టిన పొట్లం ఉంది. తెచ్చి బల్ల మీద కోలాచీల పక్కన పెట్టింది. బల్ల ధడేల్మంది.

"ఏమిటక్కా అది?" అన్నాడు వెర్లిన్. గొంతు అప్పుడే సగానికి దిగింది.

"నీ పంపు గేరు."

"రేడియేటర్ ఒక్కటే చూడమన్నాను కదే!"

"చూశాను. బాగుంది. పని లేక కవరు కూడా విప్పాను." ఆవిడ కాగితం విప్పింది. అరచేతికన్నా పెద్ద గేరు. పళ్లన్నీ బాగానే ఉన్నాయి. మధ్యలో, షాఫ్టు మీద కూర్చునే రంధ్రం లోపల మాత్రం అద్దంలా మెరిసే గీత చుట్టూ తిరిగి ఉంది. "చూడు ఆర్లో. నీకు చెప్పక్కర్లేదు."

ఆర్లో గేరు ఎత్తి కిటికీ వైపు పట్టుకున్నాడు. చూపుడు వేలు రంధ్రంలో పెట్టి తిప్పి, వేలు వాసన చూశాడు. ఇక నవ్వు ఆపుకోలేక టోపీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"గ్రీజు," అన్నాడు టోపీ వెనక నుంచి. "ఓరి దేవుడా. షాఫ్టు మొనకి గ్రీజు పూశాడు!"

నాకు అర్థం కాలేదు. బెర్నడీనే నావైపు తిరిగి చెప్పింది. "ఎమిల్, ఈ గేరుని పట్టి ఉంచడానికి లోపల చీల ఉండదు. షాఫ్టు మొన కోసుగా ఉంటుంది, గేరు దాని మీద బిగుసుకుంటుంది. ఇనుముకీ ఇనుముకీ ఉన్న పట్టే ఆధారం. అందుకే రెండూ కడిగి, ఎండబెట్టి, చెమట చెయ్యి కూడా తగలకుండా బిగించాలి. మనవాడు చక్కగా గ్రీజు పూసి బిగించాడు. కాలు నొక్కగానే గేరు షాఫ్టు మీద జారింది. పంపు వెనకబడిపోయింది."

"నాన్న నేర్పిందే చేశాను!" వెర్లిన్ అరిచాడు. "ఏది బిగించినా గ్రీజు పూసి బిగించరా, రేపు ఊడదియ్యాల్సిన వాడివి నువ్వే అని చెప్పలేదా? పొడి ఇనుము మీద పొడి ఇనుము పెడితే చెవి మెలేసేవాడు కాదా?"

"నాన్న నాగలి బోల్టులకి నేర్పాడు. దీనికి కాదు."

"అయితే... ఎంతకి జారింది?" అన్నాను నేను.

"ఊడదీసే ముందు కొలిచాను. పంపు పిన్ను దిగేదాకా ఇంజిన్ తిప్పి, ముందు పుల్లీ మీద డిగ్రీలు చదివాను. రెండుసార్లు." బెర్నడీన్ ఒక కోలాచీ తీసుకుంది. "మూడు."

"ముప్పై మూడా?" అన్నాడు వెర్లిన్, ఆశ చంపుకోలేక.

"మూడురా. ఒకటి, రెండు, మూడు. జాతరకి వచ్చిన బళ్లలో అంత నెమ్మదైనది ఇంకోటి లేదు. ఐస్‌క్రీము బండి దాన్ని దాటిపోయి ఉండేది. ఆ తెల్ల పొగంతా కాలని డీజిల్. పదకొండు అడుగులు ఎలా వచ్చాయా అని నాకిప్పటికీ అనుమానమే, నేల అటు వాలుగా ఉందేమో."

విత్తనాల వాళ్లు బల్ల మీద తలలు పెట్టుకున్నారు. ఎవరో కాన్సస్ పేరు ఎత్తారు, ఇంకెవరో చేపల పేరు ఎత్తారు. వెర్లిన్ నిలబడే ఉన్నాడు. కుర్చీ ఎక్కడుందో మర్చిపోయినట్టున్నాడు.

నేను నవ్వలేదు. మొదట నాకు కోపం వచ్చింది. నాలుగు పేజీలు! ఈ నాలుగు పేజీలతో కమిటీ ముందు నిలబడి ఉంటే తొమ్మిది మంది పరువూ పోయేది. ఆ కాగితాలు నలిపి చెత్తబుట్టలో వెయ్యబోయి ఆగిపోయాను. కమిటీ తరగతి రద్దు చేసింది దేన్ని చూసి? ముప్పై ఎనిమిది డిగ్రీల్ని చూసి. ఆ ముప్పై ఎనిమిది ఎక్కడుంది? పేర్ల కాగితం గడిలో ఉంది, మైకులో ఉంది, ఈయన నోట్లో ఉంది. ఇంజిన్లో లేదు. ఇంజిన్లో ఉన్నది మూడు. ఎవరి ప్రాణాలకి ముప్పు?

"వెర్లిన్ గారూ, ఇది చాలు!" అన్నాను. "ఇదే సాక్ష్యం. బెర్నడీన్ గారు కొలిచింది రాస్తాను, మీరు సంతకం పెట్టండి. వాళ్ల కారణం మొత్తం కూలిపోతుంది."

"పెట్టను."

"ఎందుకు పెట్టరు?"

"వాళ్లు దాన్ని గేటుకి అంటిస్తారు! వెర్లిన్ డూషెక్ గ్రీజు పూశాడు అని కౌంటీ కౌంటీ చదువుతుంది. తరగతి పోతే పోనీ. ప్రమాదకరమైన మనిషని రద్దు చేశారంటే అందులో ఒక గౌరవం ఉంది. పొరుగు కౌంటీ వాళ్లు వచ్చి చెయ్యి కలిపారు తెలుసా? మూడు డిగ్రీల వాడితో ఎవడు చెయ్యి కలుపుతాడు?"

ఆ మాటకి నేను గట్టిగానే అన్నాను, ఒకడి గౌరవం కోసం తొమ్మిది మంది హక్కు తాకట్టు పెట్టడం కమిటీ చేసిన పనికి ఏం తీసిపోతుందని. నిజం దాచేవాడు ఏ కుర్చీలో కూర్చున్నా ఒకటే అని కూడా అన్నాను. వెర్లిన్ నావైపు చూడనైనా లేదు. నా మాటలు ఆయనకి గాలి.

ఆర్లో టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. నవ్వు అయిపోయింది.

"వెర్లిన్," అన్నాడు. "నా నీలం బండిలో పద్దెనిమిది పెట్టాను. ఎక్కువ కాదు, తక్కువ కాదు. బెర్నడీన్ వచ్చి చూసి బాగుందంది. ఇంతవరకూ గొలుసు తగిలించలేదు. ఒక్కసారి కూడా. వచ్చే ఏడు డాక్టరు రెండో తుంటి కూడా కోస్తానంటున్నాడు. ఆ తర్వాత క్లచ్చు తొక్కగలనో లేదో నాకు తెలియదు."

ఆర్లో కప్పు అందుకుని కాఫీ తాగాడు.

వెర్లిన్ కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. గేరు చేతిలోకి తీసుకుని ఆ మెరిసే గీత మీద బొటనవేలు రాశాడు. బయట ఒక లారీ కాటా ఎక్కి హారన్ కొట్టింది. నేను కదల్లేదు.

"రాయి," అన్నాడు చివరికి. "కానీ గ్రీజు పూసినట్టు రాయకు. గేరు జారింది అని రాయి."

"ఎందుకు జారిందని అడుగుతారు," అంది బెర్నడీన్.

"...సరే. పూశాడు అనే రాయి. కానీ మంచి గ్రీజు అని రాయి. ఇంకో మాట ఎమిల్, ఈ రాష్ట్రం మొత్తంలో ఇంత నున్నగా, ఇంత ఒక్క ఊపున జారిన గేరు ఇంకోటి లేదని కూడా..."

"వెర్లిన్!" అన్నారు ఆర్లో, బెర్నడీన్ ఒక్కసారే.

"సరే, సరే. ఎక్కడ పెట్టాలి?"

పెట్టాడు. పెద్ద అక్షరాలతో, గడి దాటి. దాని కింద బెర్నడీన్ తన కొలత రాసి సంతకం చేసింది. ఆర్లో చేశాడు. మిగతా ఏడుగురి ఇళ్లకి ఆ మధ్యాహ్నమే తిరిగి నేను సంతకాలు తెచ్చాను. కమిటీకి పంపిన ఉత్తరం ఇది. ఇక్కడ కూడా పెడుతున్నాను, తర్వాత అందలేదు అనకుండా.

"హోలెక్ కౌంటీ జాతర కమిటీ అధ్యక్షులు రాండల్ ఓబర్‌మయర్ గారికి,

మీరు ప్రాణాలకి ముప్పు అని చెప్పి రద్దు చేసిన తరగతిలో ఆ ముప్పుగా చూపించిన ట్రక్కు టైమింగ్ మూడు డిగ్రీలు. కొలిచినవారి సంతకం కింద ఉంది. జారిన గేరు మా దగ్గర ఉంది, ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు. మీరు గేజు పట్టుకుని రాలేదు, కవరు విప్పమని అడగలేదు, తొమ్మిది మందిలో ఒక్కరినీ పిలిచి మాట్లాడలేదు. ఒక మనిషి మైకులో చెప్పిన అంకె విని, పదకొండేళ్ల మాట గేటు నుంచి పీకేశారు. కోతలు కొయ్యడం వెర్లిన్ డూషెక్ గారి అలవాటు, ఆయన అది ఒప్పుకుని సంతకం పెట్టారు. ఆ కోతల్ని రూలుగా అచ్చు వెయ్యడం మీ తప్పు. మీరెప్పుడు ఒప్పుకుంటారు?

కొలవాలంటే కొలవండి. పోటీకి ముందు ప్రతి పాత ట్రక్కు కవరూ విప్పి చూపిస్తాం, కొత్త ట్రక్కుల వాళ్లని కూడా వాళ్ల మూతలు విప్పి చూపించమనండి. తరగతి తిరిగి పెట్టాలి, చెక్క తిరిగి కొట్టాలి. సెప్టెంబరు పోటీ పేర్ల జాబితాలో మొదటి పేరు ఆర్లో వోండ్రా గారిది ఉండాలి. 'చూస్తాం' అన్నది జవాబుగా తీసుకోం. అవుననో కాదనో, రాతలో, కారణంతో సహా చెప్పండి.

గడువు: ఆగస్టు 22, శుక్రవారం, సాయంత్రం అయిదు గంటలు."